సుద్ద గుర్తు

మా బావగారికి, అంటే మా ఆయన అన్నగారికి, శుభ్రం పిచ్చి. మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకునేలోపు ఆ గ్లాసు కడిగి బోర్లించి ఉంటుంది. సాయంత్రం షాపు మూసే ముందు ఒక చేతిలో చీపురు, ఇంకో చేతిలో చెత్తబుట్ట పట్టుకుని బల్లలన్నీ చుట్టబెడతారు. ఏ ముక్క కనబడినా పైకెత్తి ఒకటే ప్రశ్న: "దీని మీద గుర్తు లేదేంటి?" జవాబు వెంటనే రాకపోతే అది బుట్టలో పడ్డట్టే. ఒకసారి నా కళ్ళజోడు కూడా అలాగే పోయింది. చెత్తంతా వెతుక్కుని తెచ్చుకున్నాను. "గుర్తు వేసుకోవాలి కదమ్మా," అన్నారు, తప్పు నాదైనట్టు.

మాది పాదాలు సరిగ్గా లేనివాళ్ళకి జోళ్ళు కుట్టే పని. ఒక కాలు పొట్టి అయినవాళ్ళు, వేళ్ళు వంకర తిరిగినవాళ్ళు, షుగరుతో అరికాలు మొద్దుబారినవాళ్ళు మా దగ్గరికి వస్తారు. మామగారు కిటికీ పక్కన కూర్చుని తోలు కుడతారు. బావగారు కొలతలు తీసుకుంటారు, వచ్చినవాళ్ళతో మాట్లాడతారు, మిగతా టైములో ఊడుస్తారు. జోళ్ళ లోపల వేసే మెత్తలు కోయడం నా పని. పాదం అచ్చును కంప్యూటర్లోకి ఎక్కించి, దానికి తగ్గట్టు గీత గీసి పంపితే కటింగ్ మిషన్ కోస్తుంది.

కోతలో ముక్కలు మిగులుతాయి. తోలు ముక్కలు, రబ్బరు ముక్కలు, స్పాంజిలా మెత్తగా ఉండే నురుగు అట్ట ముక్కలు. వాటిలో కొన్ని మళ్ళీ పనికొస్తాయి. ఎవరికి ఏది కావాలో వాళ్ళు దాని మీద సుద్దతో తమ గుర్తు వేసుకోవాలి. మామగారి తండ్రి నాటి పద్ధతి అది. మామగారిది సున్నా, బావగారిది ఇంటూ, మా ఆయనది రెండు నిలువు గీతలు. కొత్తగా పనిలో కూర్చున్నప్పుడు, మరి నాదేంటని అడిగాను. "నీకు వేరే ఎందుకమ్మాయ్, వాడి గీతలున్నాయిగా," అన్నారు మామగారు. నిజమే కదా అనుకుని ఆ రెండు గీతలే గీస్తూ వచ్చాను. మా ఆయన వెళ్ళిపోయాక కూడా అవే గీస్తున్నాను. చెయ్యి అలవాటు పడ్డాక దానికి ఎవరు ఉన్నారో ఎవరు పోయారో పట్టదు.

వెళ్ళిపోవడమంటే, ఇంకొకావిడతో వెళ్ళిపోయాడు. దాచడానికేముంది, వీధి వీధంతా తెలుసు. తెలివైనవాడు, కాదనను. ఆ మిషన్ తెచ్చిందీ, దానికి ప్రోగ్రామ్ రాసిందీ ఆయనే. ఆ ప్రోగ్రామ్ ఎడమ పాదాన్ని దివ్యంగా కోసేది. కుడి పాదం దగ్గరికొచ్చేసరికి బొటనవేలు చోట చిటికెనవేలు పెట్టేది. చెప్తే "చూస్తాలే" అనేవాడు. చూడకుండానే పోయాడు. కుడికాళ్ళవాళ్ళందరికీ నేను చేత్తో కత్తిరించలేక, విసుగెత్తి, కూర్చుని నేర్చుకుని నా ప్రోగ్రామ్ నేను రాసుకున్నాను. నాది రెండు పాదాలూ కోస్తుంది.

పోయిన నెల కోర్టు కాగితాల మీద సంతకాలు అయిపోయాయి. ఆ మర్నాడే నా తోటికోడలు నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "ఇంకా ఇక్కడెందుకు నలిగిపోతావు చెప్పు? మీ తమ్ముడి దగ్గరైతే మనశ్శాంతిగా ఉంటావు," అంది. ఆవిడ చెడ్డది కాదు. నేను నలిగిపోతున్నానని మనస్ఫూర్తిగా నమ్మింది. ఆవిడ బావగారికి చెప్పింది, బావగారు మామగారికి చెప్పారు, మామగారు ఊఁ కొట్టారు. మా తమ్ముడికి ఫోన్ వెళ్ళింది. వాడు పాపం, "ఇది నీ ఇల్లే అక్కా, అడగాలా," అన్నాడు. ఇలా నా గురించి అందరూ అందరితో మాట్లాడేసుకున్నారు. నాకు మిగిలింది సూట్‌కేసు సర్దుకోవడమే.

నాకు ఆ ఇల్లు వదలడం బాధ కాదు. పైన గదిలో ఎండాకాలం పొయ్యి మీద కూర్చున్నట్టుంటుంది. నా బాధ ఈ బల్ల. వీధిలో పోయేవాళ్ళని నేను మొహం చూసి గుర్తుపట్టను, నడక చూసి పడతాను. అదిగో నా మెత్త పోతోంది, మడమ దగ్గర ఇంకాస్త ఎత్తు పెట్టాల్సింది అనుకుంటాను. తమ్ముడింట్లో నేను వాడి పిల్లల జడలు అల్లి, కూరలు తరిగి, మంచి అక్కగా బతకాలి. మంచి అక్కగా బతకడం నాకు చేతకాదు. నా నోరు మంచిది కాదు.

'నేను ఇక్కడే ఉంటాను' అని నువ్వే అనొచ్చుగా అంటారేమో. ఏ ముఖం పెట్టుకుని అనను? కోడలిననా? సంతకాలు అయిపోయాయి. పనిమనిషిననా? నన్నెవరూ పనిలో పెట్టుకోలేదు. ఆయనతో పాటు వచ్చాను, కూర్చోమన్నారు, కూర్చున్నాను. అంతే.

సరిగ్గా అప్పుడే పాత కంప్యూటర్ ఆయాసం వచ్చిన మనిషిలా రొప్పడం మొదలుపెట్టింది. బావగారు కొత్తది కొన్నారు. తెచ్చి నా బల్ల మీద పెట్టి, దుమ్ము లేకపోయినా తుడిచి, "వెళ్ళేలోపు ఈ పని నాకు నేర్పెయ్యమ్మా. తర్వాత ఊరికే ఫోన్లు చేసి నిన్ను ఇబ్బంది పెట్టకూడదు," అన్నారు. నా కుర్చీలో నా బదులు ఎలా కూర్చోవాలో నేనే నేర్పాలన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అలాగే బావగారూ అన్నాను.

ముందు నల్ల తెర తెరిచి చూపించాను. బొమ్మలుండవు, గుండీలుండవు. ఎడమ పక్కన చిన్న గుర్తు ఒకటి నిలబడి ఉంటుంది, పక్కకి తిరిగి నోరు తెరిచిన పిట్ట ముక్కులా. నువ్వు చెప్పు, నేను వింటాను అన్నట్టుంటుంది.

"మిగతాదంతా ఎక్కడుంది?" అన్నారు బావగారు.

"ఇంతే. ఇక్కడే టైపు చెయ్యాలి. లోపల ప్యాకేజీ మేనేజర్ అని ఒకడుంటాడు. దుకాణంలో గుమాస్తా అనుకోండి. ఏది కావాలో పేరు చెప్పి ఇన్‌స్టాల్ చెయ్యమంటే వాడే వెళ్ళి తెచ్చి, విప్పి, ఎక్కడ పెట్టాలో అక్కడ సర్దుతాడు."

"సర్దుతాడా?" బావగారి మొహం వెలిగింది.

"వద్దంటే తీసేస్తాడు కూడా."

"మంచివాడే!"

పాస్‌వర్డ్ అడిగింది. బావగారు ఒకే వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు. తెర మీద ఏమీ కదల్లేదు.

"ఏం పడట్లేదమ్మా."

"పడుతుంది. కనబడదంతే."

"కనబడకపోతే పడిందని ఎలా తెలుస్తుంది?"

"నమ్మాలి బావగారూ."

"నాకలాంటివి సరిపడవు," అన్నారు. కానీ కొట్టారు. రెండోసారికి సరిపోయింది.

మొదట మా ఆయన ప్రోగ్రామే పెట్టించాను. ప్రేమకొద్దీ కాదు. ఆయన దాన్ని పద్ధతిగా మూటకట్టి ఉంచాడు. దాన్ని పిలిస్తే దానికి కావలసినవన్నీ వెంట వచ్చేస్తాయి, నా ప్రోగ్రామ్‌కీ అవే కావాలి కాబట్టి విడివిడిగా తెచ్చుకునే బాధ తప్పుతుంది. అలాగే వచ్చాయి. ఒకర్ని భోజనానికి పిలిస్తే బండెడు చుట్టాలు దిగినట్టు తెర నిండా పేర్లు దిగాయి.

"వీళ్ళంతా ఎవరు? మనం పిలవలేదే," అన్నారు బావగారు అనుమానంగా.

"ఆ ప్రోగ్రామ్ తాలూకు. ఒకటి పాదం బొమ్మని చదువుతుంది, ఒకటి లెక్క కడుతుంది, ఒకటి మిషన్‌తో మాట్లాడుతుంది. వీటి పేర్లు మనం చెప్పక్కర్లేదు, దాని కోసం వచ్చేస్తాయి."

తర్వాత నా ప్రోగ్రామ్‌ని, గుమాస్తాతో పనిలేకుండా, నేనే పాత కంప్యూటర్ నుంచి తెచ్చి ఇందులో పెట్టాను. ఒక ఎడమ పాదం, ఒక కుడి పాదం కోసి చూశాం. రెండూ బ్రహ్మాండంగా వచ్చాయి. ఇక ఆ మనిషిది ఎందుకు? తీసెయ్యమని టైపు చేశాను. నిజంగా తీసెయ్యాలా అని అడిగింది. నిజంగానే అన్నాను. పోయింది. హాయిగా అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

కింద ఒక వాక్యం వచ్చింది. ఫలానా ఫలానావి వేరేదాని కోసం వచ్చినవి, ఇప్పుడు వీటి అవసరం ఎవరికీ లేదు, తీసెయ్యాలంటే ఈ కమాండ్ కొట్టండి, అని. ఆ పేరు తెర మీద నుంచి పోయిందన్న సంబరంలో నేను అక్కడిదాకా చదవలేదు. బావగారు చదివారు.

"ఏవో మిగిలాయంటోందమ్మా."

"అలాగే అంటుంది లెండి. పట్టించుకోకండి."

"అక్కర్లేనివి ఉన్నాయని అదే చెప్తోంటే పట్టించుకోకపోవడమేంటి?"

"తర్వాత చూద్దాం," అన్నాను. ఆ తర్వాత నేను మళ్ళీ చూడలేదు.

రోజులు గడిచాయి. బావగారు నేర్చుకున్నారు. మెల్లగానే, కానీ కొట్టిన ప్రతి కమాండూ ముందు గొణుక్కుని, తర్వాత కొట్టి, చివర్న ఎంటర్ మీట మీద ముద్ర వేసినట్టు నొక్కేవారు. మామగారు కిటికీ పక్క నుంచి ఇదంతా వింటూ ఉండేవారు. పని చేస్తున్నంతసేపూ ఆయన పంటి కింద మేకులు పట్టుకుని ఉంటారు, మాట్లాడితే జారిపోతాయి కాబట్టి పగలు ఎక్కువగా మాట్లాడరు.

మా తమ్ముడు రేపు వస్తాడనగా, సాయంత్రం బావగారికి చివరి పరీక్ష పెట్టాను. పాదాల ఫొటోలు చూసుకునే చిన్న పనిముట్టు ఒకటుంది, నా సాయం లేకుండా ఇన్‌స్టాల్ చెయ్యమన్నాను. చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాను. చేసేశారు. ఒక్క తప్పు లేకుండా చేశారు. వెనక్కి తిరిగి నావైపు చూసి, బడిలో పలక చూపించే పిల్లాడిలా నవ్వారు.

"పాసయ్యారు," అన్నాను. పైకి వెళ్ళి సూట్‌కేసు సర్దుకున్నాను.

పొద్దున్న సూట్‌కేసు కిందకి దింపి షాపు గుమ్మం పక్కన పెట్టాను. మా తమ్ముడు మధ్యాహ్నానికి గాని రాడు. ఆసుపత్రికి పంపాల్సిన మెత్తలు మిగిలాయి, సాయంత్రం వాళ్ళ మనిషి వచ్చి తీసుకుపోతాడు. చివరి పని, చక్కగా చేసి పోదామనుకుని కూర్చుని, మొదటి పాదం మిషన్‌కి పంపాను.

మిషన్ ఉలకలేదు పలకలేదు. తెర మీద ఎర్రగా నాలుగు వరసలు వచ్చాయి. మిషన్‌తో మాట్లాడేది కనబడటం లేదట. మళ్ళీ పంపాను. మళ్ళీ అదే. నిన్న మధ్యాహ్నం కూడా కోసిన మిషన్! నేను వెళ్ళే రోజే ఇది ఆగిపోతే ఏమనుకుంటారు? పోతూ పోతూ పాడుచేసి పోయిందంటారు. అనరేమో కూడా. కానీ అనుకుంటారు.

"బావగారూ, నిన్న నేను పైకెళ్ళాక దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"నేనే," అన్నారు ఆయన చీపురు ఆపి, దాచకుండా. "శుభ్రం చేశాను."

"తుడిచారా?"

"తుడిచాను. లోపల కూడా చేశాను. ఎవరికీ అక్కర్లేనివి ఉన్నాయని రోజూ అంటోందిగా, ఏ కమాండ్ కొట్టాలో కూడా అదే రాస్తోంది. అదే కొట్టాను. చకచకా తీసేసింది." ఆయన నా మొహం చూశారు. "ఏం, తియ్యకూడదా?"

నాకు అరవాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. ఊడ్చింది ఎవరైనా వచ్చి చెప్తారా, ఇదిగో ఊడ్చానని? ఆయనా అంతే. ఆయన మీద అరిస్తే ప్రయోజనం లేదు. మిగిలినవాటి మీద మనసు పెట్టని నా మీద నేను అరుచుకోవాలి. అదీ దండగే.

ఇంకో మాట కూడా తోచింది. దాచను. ఈ చిక్కు విప్పడం ఈ ఇంట్లో నాకు తప్ప ఇంకెవరికీ చేతకాదు. తమ్ముడొచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చుంటే చాలు. ఆసుపత్రి మనిషి ఖాళీ చేతుల్తో తిరిగిపోతాడు. అప్పుడు తెలిసొస్తుంది, ఎవరు అక్కర్లేదో ఎవరు కావాలో. ఆ ఆలోచన చెరుకు ముక్కలా కాసేపు నమిలాను. తర్వాత మొదటి మెత్త ఎవరిదో చూశాను. నాకు తెలిసిన పాదమే. మడమ మీద పుండు మానీ మానకుండా ఉన్న పెద్దాయనది. ఊసేశాను.

"కూర్చోండి బావగారూ," అన్నాను. "నేను కాదు, మీరే టైపు చెయ్యాలి. రేపు ఇలా అయితే నేను ఉండను."

ఆయన చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. పిట్ట ముక్కు నోరు తెరుచుకుని ఉంది. మిషన్‌తో మాట్లాడేదాని పేరు చెప్పాను. ఆయన గొణుక్కుంటూ కొట్టారు. వచ్చింది. మళ్ళీ పాదం పంపాం. ఈసారి లెక్కలు కట్టేది లేదంది. దాని పేరు చెప్పాను, కొట్టారు, వచ్చింది. ఆ తర్వాత బొమ్మ చదివేది. ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచి తెచ్చుకున్నాం. చివరికి మిషన్ గుర్రుమంది, కత్తి కదిలింది, మెత్త తెగి బల్ల మీద పడింది.

బావగారు మెత్త వంక చూడలేదు. తెర మీద కింద ఏమైనా రాసి ఉందేమోనని ముందుకు వంగి వెతుకుతున్నారు.

"అక్కర్లేనివి ఉన్నాయని ఈసారి అనట్లేదే?"

"అనదు."

"నిన్నటివీ ఇవీ ఒకటేగా? నిన్న అక్కర్లేకుండా పోయినవి ఇవాళ ఎలా అక్కరకొచ్చాయి?"

"నిన్నటివి ఆయన ప్రోగ్రామ్ వెంట వచ్చాయి. మనం అడిగి తెచ్చుకున్నవి కాదు. ఆయనది తీసేశాం కాబట్టి ఇక వీటితో పనిలేదనుకుంది. ఇవాళ మీరు పేరు పెట్టి అడిగారు. అడిగి తెచ్చుకున్నవాటి జోలికి అది రాదు."

"అదేంటమ్మా!" బావగారికి నిజంగానే కోపం వచ్చింది. "రోజూ వాటితోనే కదా పని చేస్తున్నాం? పొద్దుట్నించి సాయంత్రం దాకా నువ్వు వాటి మీదే కదా కోస్తున్నావు? కళ్ళ ముందు పని చేస్తున్నదాన్ని అక్కర్లేదని ఎలా అంటుంది?"

"పని చేస్తున్నాయో లేదో దానికి తెలీదు బావగారూ. అది చూడదు. ఎవరి కోసం వచ్చాయి, ఎవరైనా అడిగారా లేదా, అంతవరకే చూస్తుంది. ఎవరితో వచ్చాయో వాళ్ళు లేకపోతే, వీటినీ పంపించెయ్యమంటుంది."

నేను కంప్యూటర్ సంగతే చెప్తున్నాను. ఒట్టు. మొదలుపెట్టినప్పుడైతే కంప్యూటర్ సంగతే. సగంలో నా గొంతు మారింది. ఏడుపు కాదు, కోపం. ఇన్నాళ్ళూ మింగినదంతా ఆ ఒక్క వాక్యంలోకి వచ్చి కూర్చుంది. బావగారు తెర మీద నుంచి చూపు తిప్పలేదు. ఆయన మెడ మాత్రం ఎర్రబడింది.

కిటికీ దగ్గర సుత్తి చప్పుడు ఆగిపోయి ఉంది. ఎప్పుడు ఆగిందో నేను చూసుకోలేదు. మామగారు పంటి కింద మేకులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశారు.

"ఒరే పెద్దోడా."

"ఆఁ నాన్నా."

"మనం అడగలేదు కదరా."

"ఏది నాన్నా?"

"ఈ అమ్మాయిని. ఉంటావా అని."

బావగారు కుర్చీలోనే మామగారి వైపు తిరిగారు.

"మీ ఆవిడని అడిగాం. ఆ అబ్బాయికి ఫోన్ చేసి అడిగాం. నన్ను నువ్వు అడిగావు, నేను ఊఁ కొట్టాను. నా బుద్ధికి చెప్పుతో కొట్టాలి," అన్నారు మామగారు. చుట్టూ చెప్పులే ఉన్నాయి, కానీ ఎవరికీ నవ్వు రాలేదు. "అడగరా."

బావగారు లేచి నిలబడ్డారు. చేతిలో ఏమీ లేకపోతే ఆయనకి తోచదు. బల్ల మీద గుడ్డ తీసుకుని, మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టారు.

"అమ్మా, వాడి సంగతి వదిలెయ్. వాడు లేడనుకో. వాడి పెళ్ళానివని కాదు. ఈ బల్ల దగ్గర నువ్వు కావాలి. మాకు కావాలి. ఉంటావా?" అని, ఊపిరి తీసుకుని, "ముందే అడగాల్సింది. తోచలేదు," అన్నారు.

ఇన్నాళ్ళూ ఈ మాట కోసమే చూశాను కదా, ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేదు. అడిగించుకోవడానికి మిషన్ ఆగిపోవాల్సి వచ్చిందే అని ఒళ్ళు మండింది. "ముందు ఈ మెత్తలు కానివ్వండి," అని మిషన్ వైపు తిరిగాను. కళ్ళు మసకబారితే పాదం బొమ్మ రెండుగా కనబడింది.

పని చేశాను. మిగిలిన నురుగు అట్ట ముక్క ఒకటి మంచిది కనబడింది, పిల్లల పాదానికి సరిపోతుంది. సుద్ద తీసుకోగానే చెయ్యి తన దారిన తాను రెండు గీతలు గీసేసింది. వాటిని చూశాను. బొటనవేలితో రుద్ది చెరిపేశాను. వాటి బదులు ఏం గీయాలో తెలియక ఆ ముక్కని అలాగే పక్కన పెట్టాను.

మధ్యాహ్నం మా తమ్ముడు వచ్చాడు. సూట్‌కేసు చూసి, "రెడీయేనా అక్కా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపు మామగారు స్టూలు చూపించారు. "కూర్చో బాబూ. పని అవ్వలేదు."

వాడు కూర్చున్నాడు. బావగారు వాడికి మంచినీళ్ళిచ్చి, వాడు గుటక వేస్తుండగానే గ్లాసు కోసం చెయ్యి చాచి నిలబడ్డారు. వాడి కాళ్ళు చూసి మామగారు, ఎడమ జోడు లోపలి వైపు అరుగుతోందని, కాలు పైకి పెట్టమన్నారు. మా వాడు బిక్కమొహం వేసుకుని నావైపు చూశాడు. నేను పట్టించుకోలేదు.

ఆసుపత్రి మనిషి వచ్చి మెత్తలు తీసుకుపోయాడు. ఎండ కిటికీలోంచి జారిపోయి మామగారి బల్ల కింద పడింది. మా తమ్ముడు లేచి ఒళ్ళు విరుచుకుని, "ఇక బయల్దేరదామా అక్కా? బస్సు దొరకదు మళ్ళీ," అన్నాడు. బావగారు చీపురు, బుట్ట తీసుకుని మొదలుపెట్టారు. మామగారి బల్ల మీద సున్నాలున్న ముక్కలు వదిలారు, లేనివి బుట్టలో వేశారు. తన బల్ల మీద ఏమీ లేదు, ఉండదు కూడా. నా బల్ల దగ్గరికొచ్చి ఆ నురుగు అట్ట ముక్కని ఎత్తారు. వెనకాముందూ తిప్పి చూశారు. ఏమీ అడగకుండా ఉన్నచోటే పెట్టేశారు. బావగారు ఒక వస్తువుని ఊరికే వదిలెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

గుమ్మం దాకా ఊడ్చుకుంటూ వెళ్ళి సూట్‌కేసు దగ్గర ఆగారు. ఆయన వీపు మాకు కనబడుతోంది. మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. బావగారు వెనక్కి తిరగకుండానే, ఎప్పుడూ అడిగే గొంతుతోనే అడిగారు.

"దీని మీద గుర్తు లేదేంటి?"

మా తమ్ముడికి ఏమీ అర్థం కాలేదు. "అది అక్కదండీ," అన్నాడు మర్యాదగా.

నేను సుద్దముక్క తీసుకుని వెళ్ళాను. మోకాళ్ళ మీద కూర్చుని, సూట్‌కేసు మూత మీద, నల్ల తెర మీద పొద్దున్నుంచి నావైపు చూస్తున్న ఆ పిట్ట ముక్కు గీశాను. పెద్దగానే గీశాను. కింది గీత కాస్త వంకర పోయింది. ఫరవాలేదు, అలవాటైతే అదే తిన్నగా వస్తుంది.

బావగారు వంగి చూశారు.

"ఇది ఆ నల్ల తెర మీదిది కదూ?"

"అవును."

"నీదా?"

"నాదే."

"అయితే ఇది ఉండేదే," అని ఆయన సూట్‌కేసుని పక్కకి జరిపి, దాని కింద ఊడ్చారు.